సూప్ గిన్నె దగ్గర తీసిన కొలత

ఒంటికి సరిపడే తుపాకీ కోసం కొలతలివ్వడానికి ఎర్నా వుట్టె ఇంటికి వచ్చినవాడెవడూ ఆకలితో తిరిగి వెళ్ళలేదు. ఆమె దగ్గర టేపూ ఉంది, కొయ్య స్కేలూ ఉంది, చెక్క ఎటు కావాలంటే అటు వంగే కొలతల తుపాకీ కూడా ఉంది, వాళ్ళ నాన్న నాటిది. అవన్నీ తర్వాత. ముందు మనిషిని వంటింట్లో బల్ల ముందు కూర్చోబెట్టి, వేడి సూప్ గిన్నె చేతికిచ్చి, తను పొయ్యి దగ్గర ఏదో గిన్నె తోముతున్నట్టు నటిస్తూ అతను తినడం చూస్తుంది.

లోకంలో మనుషులు రెండే రకాలని ఆమె సిద్ధాంతం. చెంచాను నోటి దగ్గరికి తెచ్చుకునేవాళ్ళు ఒక రకం, నోటిని చెంచా దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు ఇంకో రకం. మొదటివాళ్ళ మెడ వంగదు, కాబట్టి తుపాకీ చెక్కే లేచి వాళ్ళ చెంపను వెతుక్కోవాలి. రెండోవాళ్ళు తలే వంచి చెక్క మీద వాలతారు, వాళ్ళకి పైఅంచు కిందికి చెక్కాలి. "తుపాకీ పట్టుకోమంటే ప్రతివాడూ ఫోటోకి నిలబడ్డట్టు నిలబడతాడు. ఆకలేసినప్పుడు మాత్రం ఎవడి వేషాలూ సాగవు," అనేది ఎర్నా. ముప్పై ఏళ్ళ పైన ఆ మాట నిలబడింది. ఒక్కసారి మాత్రం బోర్లా పడింది, అది కూడా ఆమె సొంత మనిషి దగ్గర.

దేశపు అంచున సరిహద్దుగా నిలిచిన కరవాంకెన్ కొండల కింద ఆ లోయలో తుపాకులు చేసేవాళ్ళకి కొదవ లేదు. ఎర్నా ఇల్లు వాగు పక్కన, ముందు గదిలో తమ్ముడు హాంజీ ఇనప పని, వెనక గదిలో ఆమె చెక్క పని. అటకనిండా అక్రోటు చెక్కలు ఏళ్ళ తరబడి ఎండుతూ ఉండేవి. వాటిలో ఏది ఏ చెట్టుదో, ఆ చెట్టు ఎవరి పెరట్లో పడిందో ఆమెకు తెలుసు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళతో, "చెక్క ఎండేదాకా ఆగమంటే ఆగుతుంది, మొగుడు ఆగడు," అనేది. నోరు కాస్త దురుసు, చెయ్యి మెత్తన. ఇనుములో తప్పుంటే హాంజీది, చెక్కలో తప్పుంటే తనది, రెంటిలోనూ లేకపోతే కాల్చినవాడిది అని ఇద్దరి మధ్యా ఒప్పందం. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్ళని ఆమె గుమ్మం దాకా కూడా సాగనంపేది కాదు.

ఫోల్టీ ఊష్నిక్ ఏప్రిల్‌లో వచ్చాడు, కొండ నీడల్లో ఇంకా మంచు మిగిలుండగా. అడవిలో దుంగలు కొట్టి రిటైరైన మనిషి. భార్య పోయి చాలా కాలమైంది. ఎర్నా నాన్నతో కలిసి ఒక వయసంతా వేటాడాడు కాబట్టి ఎర్నాకు బాబాయ్. ఆమెకు అరవై దగ్గర పడుతున్నా ఆయనకు ఆమె ఇంకా "అమ్మాయ్". ఆ చలికాలం సరిహద్దు అవతల మేనకోడలి ఇంట్లో కొన్ని వారాలుండి వచ్చాడు. వచ్చాక బుగ్గలు నిండి, మనిషి చిన్నవాడైనట్టు కనిపించాడు. మేనకోడలు బాగా మేపిందని ఊరంతా అనుకుంది.

"తుపాకీ కావాలమ్మాయ్. ఒక్క గొట్టం, ఒక్క తూటా," అన్నాడు, టోపీ బల్ల మీద పెట్టి.

"ఉన్నదానికేమైంది?"

"దానికి నా భుజం నచ్చట్లేదు."

నిజమే. అంతకుముందు వేసవిలో చెర్రీ చెట్టు మీంచి పడి మెడ కింది ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. పాత తుపాకీ ఎనిమిది మిల్లీమీటర్లది, కాల్చిన ప్రతిసారీ గాడిద తన్నినట్టు తన్నేది.

ముందు గదిలోంచి హాంజీ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఒక్క తూటాదే ఎందుకు బాబాయ్? ఈ కాలంలో అందరూ ఐదేసి పట్టేవి కొనుక్కుంటున్నారు కదా."

"రెండోది ఉందని తెలిస్తే మొదటిదానికి బద్ధకంరా. ఒక్కటే ఉందనుకో, బుద్ధిగా పోతుంది. పైగా మధ్యకి విరిచి సంచిలో పెట్టుకోవచ్చు. ఆ ఎత్తులు ఎక్కేటప్పుడు అగ్గిపెట్టె కూడా బరువే నాకు."

"సరే, గొట్టం ఎంత లావు? ఏ క్యాలిబర్?" అంది ఎర్నా.

"ఏడు. ఏడు మిల్లీమీటర్లలో ఆ పొడుగు తూటాది."

"నువ్వు కొట్టేది కొండమేకనా, కొండనా? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎందుకు?"

"ఎర్ర దుప్పి ఎదురైతేనో?"

"ఆఖరిసారి ఎప్పుడు ఎదురైంది?"

ఫోల్టీ వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "మీ నాన్న ఉండగా."

"కొట్టావా?"

"లేదు. మీ నాన్న తుమ్మాడు."

హాంజీ నవ్వు ఆపుకోలేక తలుపు వైపు తిరిగాడు. ఎర్నా మాత్రం నవ్వలేదు, ఆమెకు పని మాటల్లో నవ్వు గిట్టదు. "ఆరున్నర తీసుకో బాబాయ్. లోయ ఇవతల్నించి అవతలికి గీత గీసినట్టు పోతుంది, భుజాన్ని తన్నదు. తన్నుతుందని తెలిస్తే నువ్వు మీట నొక్కకముందే కన్ను మూసేస్తావ్."

"నేనా? కన్ను మూయడమా?"

"నీ భుజం మూయిస్తుంది. నిన్నడగదు."

"ఆరున్నర ఆడవాళ్ళ క్యాలిబర్ అంటాడు లుడ్విక్." లుడ్విక్ ఆ ఊరి వేట సంఘానికి పెద్ద, సత్రం కూడా అతనిదే.

"లుడ్విక్ పెళ్ళాం దాంతో కొట్టిన మేకల కొమ్ములు సత్రం లోపలి గోడ మీదున్నాయి. లుడ్విక్‌వి ఎక్కడున్నాయో చూశావా?"

చూశాడు. అవి దొడ్డి దారి పక్కన, చీపుళ్ళ మీదున్నాయి.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకు బాబాయ్," అని హాంజీ కూడా ఒక మాట వేశాడు. ఫోల్టీ తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం, క్యాలిబర్ దగ్గర దిగొచ్చినందుకు చెక్క దగ్గర కసి తీర్చుకోవాలనుకున్నాడు. పాత పటాల్లో రాజావారి చేతిలో ఉన్నట్టు గొట్టం మూతి దాకా చెక్క తొడిగి ఉండాలన్నాడు.

"వానకి చెక్క ఉబ్బుతుంది. ఉబ్బి గొట్టాన్ని నెడుతుంది. సోమవారం కుడికి కొడతావ్, బుధవారం ఎడమకి," అంది ఎర్నా.

"అందంగా ఉంటుంది కదే."

"అందం కావాలంటే గోడకి తగిలించుకో."

ఇంగ్లీషువాళ్ళ పద్ధతిలో వంపు లేని పిడి పెట్టి, చెంప దగ్గర నున్నగా వదిలేస్తే ఇంకా తేలికవుతుందని హాంజీ సలహా ఇచ్చాడు. అది ఎగిరే పిట్టల్ని కొట్టేవాళ్ళకని, బండ మీద బోర్లా పడుకుని పొద్దంతా ఎదురు చూసేవాడికి మణికట్టు లాగేస్తుందని ఎర్నా కొట్టిపారేసింది. చివరికి తేలిందేమిటంటే, పిడి వంపుగా ఉంటుంది, ఎడమ పక్కన చెంప ఆనడానికి బవేరియావాళ్ళ తరహాలో గుండ్రని అంచుతో దిండు లాంటి ఎత్తు ఉంటుంది, ముందు చెక్క పొట్టిగా ఉంటుంది. పిడి అడుగున మాత్రం ఫోల్టీ మొదటి మేక కొమ్ముతో చేసిన బిళ్ళ పెడతారు. ఆ బిళ్ళతో ఆయన గెలిచినట్టు లెక్క.

తర్వాత సూప్. ఎర్నా గిన్నె తోముతూ చూసింది. ఫోల్టీ నిటారుగా కూర్చున్నాడు, చెంచాను తొణక్కుండా నోటి దాకా తెచ్చుకున్నాడు, మెల్లిగా మింగాడు, రుమాలుతో పెదాలద్దుకున్నాడు. మాంసం ముక్కల్ని పక్కకి తోశాడు. తన చిన్నప్పుడు వేట గుడిసెలో ఈయన గిన్నెలోకి దూరిపోయి తినడం ఆమెకు లీలగా గుర్తుంది. విరిగిన ఎముక ఇలా కూర్చోబెట్టిందని సమాధానం చెప్పుకుంది. మొదటి రకం మనిషి అని నిర్ణయించి, ఆ లెక్కనే చెక్కింది. ఆ చెక్క మీద ఆమె ఏ తుపాకీ మీదా పెట్టనంత ప్రేమ పెట్టింది, నాన్న స్నేహితుల్లో మిగిలింది ఈయనొక్కడే కాబట్టి.

జూలై తిరునాళ్ళలో, ఊరంతా చూస్తుండగా, గురి మైదానంలో ఫోల్టీ కొత్త తుపాకీ ఎత్తాడు. ఒక్కొక్క తూటా పెట్టుకుంటూ, తీరిగ్గా కాల్చాడు. గురి అట్ట తెచ్చి చూస్తే రంధ్రాలన్నీ బీరు గ్లాసు అడుగు కింద దాక్కున్నాయి. లుడ్విక్ ఆ అట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏమీ దొరక్క, "గాలి లేదు కదా ఇవాళ," అన్నాడు. ఎర్నా ఆ రోజు రెండు రొట్టె ముక్కలు ఎక్కువ తిన్నది.

సెప్టెంబరులో ఫోల్టీ ఒంటరిగా పైకెళ్ళి ఒట్టి చేతులతో దిగొచ్చాడు. అందులో వింతేమీ లేదు, కొండ ఒక్కోసారి ఇస్తుంది, ఒక్కోసారి ఇవ్వదు. కానీ మళ్ళీ వెళ్ళి, మేక నిలబడి ఉండగా, తీరిగ్గా గురి చూసి, తప్పాడు. ఆ తర్వాత ఇంకోసారి తప్పాడు. మేకకు ఏమీ కాలేదని పైనున్న ఫారెస్టు గార్డు చూసి చెప్పాడు, అదొక్కటే నయం.

కొండల్లో వార్త మేకకన్నా ముందు దిగుతుంది. సత్రంలో ఆ తుపాకీకి "ఎర్నా సూది" అని పేరు పెట్టారు. "ఆ సూదితో మేక చర్మం కుట్టుకోవచ్చు గానీ, ముందు మేక దొరకాలి కదా," అన్నాడు లుడ్విక్. ఎర్నా చేతిలోని పాలకేను ఎత్తి అతని మీద పోస్తుందేమోనని హాంజీ ఆమె చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

మర్నాడే ఫోల్టీని, తుపాకీని గురి మైదానానికి లాక్కెళ్ళింది. తను కాల్చింది, నడిమధ్య తగిలింది. హాంజీ కాల్చాడు, తగిలింది. ఫోల్టీ కాల్చాడు, అందరికన్నా బాగా తగిలింది. ఇనుములో తప్పు లేదు, చెక్కలో లేదు, కాల్చేవాడిలో లేదు. ఎర్నాకు కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియలేదు.

వారం తిరక్కుండా ఫోల్టీ మళ్ళీ వచ్చాడు, తుపాకీ గుడ్డలో చుట్టి. వంటింటి బల్ల మీద పెట్టి, మడతలు సరిచేసి, దాని మీద చెయ్యి ఉంచాడు.

"దీన్ని ఎవరికైనా ఇచ్చెయ్యమ్మాయ్. పాడవకముందే."

"ఏమైంది?"

"కన్ను పోయింది. పైకెళ్ళి తుపాకీ మీది దుర్భిణిలోకి చూస్తే ఓ అంచున నల్లగా, చంద్రవంకలా చీకటి. తల అటూ ఇటూ జరిపితే పోతుంది. మళ్ళీ చెంప ఆనిస్తే వస్తుంది."

"అది చెంప సరైన చోట ఆనకపోతే వచ్చే నీడ బాబాయ్. కుర్రాళ్ళకి కూడా తెలుసు."

"నా చెంపకి ఇన్నేళ్ళూ తెలిసింది ఇప్పుడు తెలీకుండా పోతుందా? కింద మైదానంలో రావట్లేదు కదా నీడ. ఎత్తుకెళ్తేనే వస్తుంది. కన్నే. మా అన్నకీ ఇలాగే మొదలైంది."

వాళ్ళన్న సంగతి ఎర్నాకు తెలుసు. చూపు తగ్గిందని కొండకెళ్ళడం మానేశాడు. పొయ్యి పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. ఆ చలికాలం అంతా కూర్చున్నాడు, మంచు కరిగేసరికి పోయాడు. జబ్బేమిటో డాక్టరుకు కూడా తెలియలేదు. ఊళ్ళోవాళ్ళకి తెలుసు, కూర్చోవడమే జబ్బు.

ఎర్నాకు నిజంగా భయం వేసింది. లుడ్విక్ పెట్టిన పేరు, తన పరువు, అన్నీ ఒక్కసారిగా చిన్న విషయాలైపోయాయి. తుపాకీ ఇక్కడ వదిలి ఈయన ఇంటికెళ్తే, బెంచీ మీద కూర్చుంటాడు.

"ఒక్కసారి నన్ను తీసుకెళ్ళు," అంది. "నువ్వు కాల్చక్కర్లేదు. నేనూ గుడిసె చూసి చాలా కాలమైంది. నాన్న కట్టిన బెంచీ ఉందో లేదో చూస్తాను."

"నీ మోకాళ్ళు ఒప్పుకుంటాయా?"

"అవి నావి, నేను మాట్లాడుకుంటాను."

అక్టోబరు ఎండలో పొద్దున్నే బయల్దేరారు. కింద బీచ్ చెట్లు ఎర్రబడ్డాయి, పైన పొట్టి దేవదారు పొదలు నల్లగా ఉన్నాయి. ఫోల్టీ ముందు, ఎర్నా వెనక. ఆయన దారి పొడుగునా ఒక్కో బండకీ ఒక్కో కథ చెప్పాడు, అన్నిట్లోనూ ఎవరో ఒకరు జారిపడ్డారు. ఎర్నా మోకాళ్ళతో మాట్లాడుకుంటూ ఎక్కింది. గుడిసె చేరేసరికి మధ్యాహ్నమైంది. నాన్న బెంచీ ఉంది, ఒక కాలు మాత్రం ఫోల్టీ కొత్తది వేశాడు.

ఆయన పొయ్యి వెలిగించి బార్లీ, చిక్కుడు గింజలు, పొగబెట్టిన మాంసం వేసి సూప్ కాచాడు. "నువ్వు ఊట దగ్గర్నించి నీళ్ళు పట్రా," అన్నాడు. ఊట దగ్గరే, కానీ ఎర్నా మోకాళ్ళకి దూరమే. తను తినేంతసేపు పడుతుందని ఫోల్టీ లెక్క కట్టుకున్నాడు కాబోలు. ఆ లెక్క తప్పింది, వంక మీద ఎవరో దుంగ వేశారు, దారి దగ్గరైంది.

బకెట్టు పట్టుకుని తిరిగొచ్చి, సగం తెరిచిన తలుపు దగ్గర ఎర్నా ఆగిపోయింది.

ఫోల్టీ గిన్నెలోకి దూరిపోయి తింటున్నాడు. ముక్కు సూప్‌కి తగిలేంతగా వంగి, గిన్నెకీ గడ్డానికీ మధ్య చెంచా తిరగడానికి మాత్రం చోటుంచి, ఆకలిగొన్న మనిషి ఎలా తినాలో అలా తింటున్నాడు. బుగ్గలు రెండూ లోపలికి పోయి, ముఖం పాత సంచిలా ముడుచుకుంది. కిటికీ గట్టు మీద శుభ్రమైన రుమాలు, రుమాలు మీద పైవరసా కింది వరసా, ఎండకి తళతళ మెరుస్తూ నవ్వుతున్నాయి.

ఎర్నా బకెట్టు చప్పుడు కాకుండా కింద పెట్టింది. చలికాలపు మేనకోడలు, నిండిన బుగ్గలు, పక్కకి తోసిన మాంసం ముక్కలు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. లోయలో ఎవరికీ తెలియకూడదని కొండ దాటి వెళ్ళి మరీ కట్టించుకున్న పళ్ళు. ఆమె బల్ల దగ్గర ఆయన తిన్నది మర్యాద కోసం. గురి మైదానంలో జనం ఉన్నారు, కాబట్టి పళ్ళున్నాయి. కొండ మీద మేకలు తప్ప చూసేవాళ్ళు లేరు, కాబట్టి రుమాల్లో ఉన్నాయి. తను కొలిచింది ఫోల్టీని కాదు, అవతలి దేశపు పళ్ళ డాక్టరు చేతిపనిని. తన సిద్ధాంతం తన కాళ్ళ మీదే పడినందుకు ఎర్నాకు సిగ్గుపడాలో నవ్వాలో తెలియలేదు. నవ్వే గెలిచింది. దాన్ని చెయ్యి అడ్డం పెట్టుకుని మింగి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, పెద్దగా దగ్గుకుంటూ వచ్చింది.

లోపలికి వచ్చేసరికి కిటికీ గట్టు ఖాళీగా ఉంది. కానీ ఫోల్టీ చొక్కా జేబు ఉబ్బి ఉంది, బుగ్గలు ఉబ్బలేదు. మళ్ళీ పెట్టుకునే వ్యవధి లేకపోయింది పాపం. మీసం సర్దుకుంటున్నట్టు చేత్తో మూతి కప్పుకున్నాడు.

"గొంతు బాలేదు. మాట్లాడలేను," అన్నాడు. మాటల్లో గాలి ఎక్కువగా పోయింది.

"మాట్లాడకు బాబాయ్. తుపాకీ ఖాళీగా ఓసారి పట్టుకో. అదిగో ఆ తెల్ల బండ మీద గురి పెట్టు."

పెట్టాడు. ఎర్నా గుమ్మం బయట ఆయన పక్కన మోకరించి చూసింది. తను పైఅంచు ఎత్తుగానే చెక్కినా, పళ్ళు లేక పల్లం పడ్డ చెంప చెక్క మీద ఎక్కడో లోతుకి దిగిపోయింది. కన్ను ఉండాల్సిన చోటు కన్నా కిందుంది.

"నీడ ఉందా?"

తలూపాడు.

ఎర్నా తన టోపీ తీసింది. వాళ్ళమ్మ నాటి మందపాటి ఆకుపచ్చ ఉన్ని టోపీ. జేబులోంచి చాకు తీసి, దాని అంచులోంచి అరచేతి మేర ముక్క కోసి, చెంప ఆనే చోట పెట్టి, బూటు తాడుతో కట్టింది. ఫోల్టీ కళ్ళు పెద్దవి చేసి చూశాడు, మూతి మాత్రం కప్పుకునే ఉన్నాడు.

"ఈ వేసవి ఎండలకి చెక్క కుంచించుకుపోయింది," అంది ఎర్నా, ముడి బిగిస్తూ. "నాదే తప్పు. ఇంకో ఏడాది ఎండనివ్వాల్సింది. ఇప్పుడు చూడు."

ఆయన చెంప ఆనించాడు. చాలాసేపు కదల్లేదు. తర్వాత ఊపిరి వదిలాడు, ఆ ఊపిరి కింద లోయ దాకా వినిపించి ఉంటుంది.

"పోయింది," అన్నాడు.

మేకలు సాయంత్రం ఎండ పడే రాతి వాలు మీదికి వచ్చాయి. గుంపుకి దూరంగా ఒక ముసలి ఆడమేక, వెనక పిల్ల లేదు, నడుము వంగింది. ఫోల్టీ సంచి మీద తుపాకీ ఆనించి పడుకున్నాడు. ఎర్నా తన గుండె చప్పుడుకి మేక బెదురుతుందేమోనని భయపడింది. ఒక్క తూటా. మేక ఉన్నచోటే కూలింది, దానికి చప్పుడు కూడా వినపడి ఉండదు.

దగ్గరికి వెళ్ళాక ఫోల్టీ టోపీ తీశాడు. దేవదారు రెమ్మ తుంచి దాని నోట్లో పెట్టాడు, ఆఖరి ముద్దగా. అది ఆ కొండల్లో వేటగాడు వేటకిచ్చే మర్యాద. పెట్టేటప్పుడు దాని పళ్ళు కనిపించాయి, చిగుళ్ళ దాకా అరిగిపోయి ఉన్నాయి.

"ఈ చలికాలం దాటేది కాదు," అన్నాడు గాలి పోతున్న గొంతుతో. "పళ్ళు లేకుండా కొండ మీద కష్టం."

ఎర్నా పెదవి కొరుక్కుంది. ఇంకో రెమ్మ తుంచి, మేక గాయానికి అద్ది, తన కత్తిరించిన టోపీ మీద పెట్టి ఆయనకి అందించింది. వేట ఫలించిందని చెప్పడానికి పక్కనున్నవాళ్ళు వేటగాడికి అలా ఇస్తారు. ఫోల్టీ దాన్ని టోపీకి కుడి పక్కన గుచ్చుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. చలిగాలి అన్నాడు, గాలి లేదు.

గుడిసెకి వచ్చి, కిందికి బయల్దేరే ముందు ఆయన మూలకి తిరిగి రుమాలుతో ఏదో చేసుకున్నాడు. తిరిగేసరికి బుగ్గలు నిండి, ఊళ్ళోకి వెళ్ళే ముఖం వచ్చేసింది. సంతోషం పట్టలేక, ఖాళీ తుపాకీ ఎత్తి, తెల్ల బండ మీద ఊరికే గురి చూశాడు. చూసి, దించాడు. మళ్ళీ ఎత్తాడు. దుర్భిణి అద్దం తుడిచాడు. మళ్ళీ చూశాడు. అప్పుడు మెల్లగా, ఎర్నా వైపు వీపు పెట్టి, చెయ్యి నోటి దగ్గరికి తీసుకెళ్ళి, ఇంకోసారి గురి చూశాడు. తర్వాత చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

ఎర్నా ఎదుటి శిఖరాన్ని అంత శ్రద్ధగా జన్మలో చూడలేదు.

"చెక్క మళ్ళీ ఉబ్బినట్టుందే," అన్నాడు ఫోల్టీ చివరికి.

"మంచు పడే వేళైంది కదా బాబాయ్. తేమకి ఉబ్బుతుంది."

"అంత తొందరగానా?"

"అక్రోటు. అదంతే."

దిగేటప్పుడు ఆయన బండల కథలు చెప్పలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం సత్రం నిండుగా ఉంది. లుడ్విక్ భార్య తిరునాళ్ళప్పుడు చేసే పుల్లసూప్, దాంతో దాల్చినచెక్క ఎండుద్రాక్ష రొట్టె వడ్డిస్తోంది. ఫోల్టీ టోపీ మీది రెమ్మని అందరూ చూశారు. లుడ్విక్ చెయ్యి కలిపి అభినందించాడు, అది నియమం. తర్వాత నియమం కానిది మొదలుపెట్టాడు.

"సూది ఎట్టకేలకి గుచ్చుకుందన్నమాట. మేక దగ్గరికి వచ్చి నిలబడిందా, పెద్దాయనా?"

ఫోల్టీ టోపీ మీది రెమ్మ తీసి, మధ్యకి విరిచి, సగం ఎర్నా ముందు పెట్టాడు.

బల్లల దగ్గర తలలన్నీ అటు తిరిగాయి. రెమ్మలో సగం ఇవ్వడం ఉంది, కానీ అది ఒక్కరికే ఇస్తారు. గాయపడి తప్పిపోయిన జంతువుని వాసన పట్టించి వెతికి తెచ్చిన కుక్క యజమానికి.

"మేక అక్కడికక్కడే పడిందని విన్నాను," అన్నాడు లుడ్విక్. "మరి ఎర్నాకి ఎందుకు? కుక్కేది? గాయపడిందేది?"

"గాయపడింది ఉంది," అన్నాడు ఫోల్టీ. "తుపాకీ వదిలేసి పొయ్యి పక్కన కూర్చోబోయింది. ఈ అమ్మాయి దాని జాడ పట్టుకుని కొండెక్కింది."

అని జేబులోంచి రుమాలు తీసి బల్ల మీద పరిచాడు. అందరూ చూస్తుండగా పైవరసా కింది వరసా తీసి, దాని మీద పక్కపక్కనే పెట్టాడు. ఫోల్టీ లుడ్విక్ వైపు తిరిగి, ఒక్క పన్ను లేని నోటితో, చెవుల దాకా నవ్వాడు.

ముందు నవ్వింది లుడ్విక్ భార్య. తర్వాత ఆ నవ్వు గోడల మీది కొమ్ములన్నీ అదిరేలా తిరిగింది. మూల బల్ల దగ్గర చర్చి గంట కొట్టే ముసలాయన, ఏదో తీర్మానం చేసుకున్నవాడిలా, తన రుమాలు కూడా పరిచాడు. ఆయనవి కూడా ఉన్నాయని అప్పటిదాకా ఊరికి తెలియదు. లుడ్విక్ తన మీసం వెనక నాలుకతో ఏదో సరిచేసుకుని, బీరు తేవడానికి లేచాడు.

ఫోల్టీ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. రొట్టె అందులో తుంచి వేసి, ముక్కు తడిసేంతగా వంగి తినడం మొదలుపెట్టాడు.

ఎర్నా తన సగం రెమ్మని కత్తిరించిన టోపీకి గుచ్చుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తిరగనిచ్చింది. తర్వాత సంచిలోంచి కొయ్య స్కేలు తీసి, ఆయన చెంప పక్కన పెట్టింది.

"కదలకు బాబాయ్," అంది. "తింటూ ఉండు."